పరదా మీది కొండలు

ప్రబంధ పాఠం చెప్పేటప్పుడు ప్రతి సంవత్సరమూ మేము విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతాము. కథ మొదలు కాకముందే కవి పురవర్ణన ఎందుకు చేస్తాడు? నాయకుడు ఇంకా కనిపించలేదు. నాయిక పేరైనా మనకు తెలియదు. కవి మాత్రం కోటలు, అగడ్తలు, మేడలు, ఉద్యానవనాలు ఒకటొకటిగా కట్టుకొంటూ పోతాడు. ఈ పద్యాలు పరీక్షకు వస్తాయా, దాటివేయవచ్చునా అని వెనుక బల్లలవారు అడుగుతారు. దాటివేయరాదని, మనుషులు నిలబడటానికి ముందుగా నేల కావాలని మేము సమాధానం చెపుతాము. పదేండ్లకు పైగా ఈ సమాధానమే చెపుతూ వస్తున్నాము. కాని అదే సత్యం మా ఇంట్లో, మా తమ్ముని రూపంలో ఎదుట నిలిచినప్పుడు మేము గుర్తించలేదు. ఆ పొరపాటును ఒప్పుకొనడానికే ఈ వ్యాసం.

మాది దేవరుప్పుల. జనగామ నుండి సూర్యాపేటకు పోయే బాట మీద ఉన్న ఊరు. 2016లో జనగామ జిల్లా ఏర్పడేవరకు మేము వరంగల్లు జిల్లా వారము. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి మా మండలంలోనిదే. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర, సోమనాథుని పాలకుర్తి మాకు ఇరుగుపొరుగు ఊళ్ళు. ఇట్టి చోట పుట్టినవానికి చరిత్రకు, కవిత్వానికి కొదువ లేదు. అయితే మా ఇంటికి అన్నం పెట్టినవి ఈ రెండూ కావు, రంగు డబ్బాలు.

మా తండ్రిగారు బోర్డులు వ్రాసేవారు. కిరాణా దుకాణాలకు, ఎరువుల అంగళ్ళకు, బడులకు, మసీదులకు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో అక్షరాలు వ్రాసేవారు. ప్రతి బోర్డు క్రింది మూలన చిన్న అక్షరాలతో తమ పేరు వ్రాసుకొనేవారు. అక్షరాల పని లేని దినాలలో ఫోటో స్టూడియోల వారికి పరదాలు వేసి ఇచ్చేవారు. కొత్త దంపతులు, తొట్టెల పిల్లలు, బడి సర్టిఫికెట్టుకు ఫోటో కావలసినవారు ఎవరు వచ్చినా ఆ పరదా ముందే నిలబడాలి. మందపు గుడ్డ మీద జిగురు పట్టించి, తెల్లరంగు పూసి, ఆరిన తరువాత దాని మీద పాలరాతి మెట్లు, స్తంభాలు, దూరాన నీలికొండలు, కొండల నడుమ చెరువు. ఏనాడూ రైలెక్కి ఊరు దాటని దంపతులు ఆ మెట్ల ముందు నిలబడి రాజదంపతులయ్యేవారు.

ఒకసారి స్టూడియో యజమాని చెరువులో రెండు హంసలు వేయమన్నాడు. మా తండ్రిగారు ఒప్పుకొనలేదు. తామరపూలు ఎన్ని కావాలంటే అన్ని వేస్తానన్నారు. ప్రాణమున్న వాటిని వారు చిత్రించేవారు కారు. బొమ్మలు గీసి బ్రతికే ఒకరు హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ వద్దకు వచ్చి అడిగితే, తప్పదనుకొంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకొమ్మని చెప్పినట్లు హదీసులో ఉన్నది. మా తండ్రిగారు చదివినది తక్కువ. ఈ ఒక్క మాట మాత్రం వారికి ఎవరో పెద్దలు చెప్పగా గట్టిగా నిలిచిపోయింది. దమస్కు నగరపు పెద్ద మసీదు గోడల మీద ఎనిమిదవ శతాబ్దపు తొలినాళ్ళలో రంగురాళ్ళు పొదిగి నదిని, మహావృక్షాలను, వింత మేడలను తీర్చినారు. అందులో ఒక్క మనిషి లేడు, ఒక్క పక్షి లేదు. మా తండ్రిగారు ఆ మసీదు పేరైనా వినియుండరు. వారి హంసలు లేని చెరువుకు అంత దూరాన, అంత వెనుకటి కాలాన చుట్టరికమున్నదని మేము చాలా తరువాత చదివి తెలుసుకొన్నాము.

తరువాత ఫ్లెక్సీలు వచ్చినవి. నాలుగు దినాల పనిని యంత్రం నాలుగు నిమిషాలలో అచ్చువేసి ఇచ్చింది. స్టూడియోలలో పరదాలు చుట్టి అటక మీద పెట్టినారు. మా తండ్రిగారి కుంచెలు కిరోసిన్ డబ్బాలోనే ఎండిపోయినవి. అప్పటికి మేము కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నాము. రంగుల పని మా ఇంటిని ముంచిందని, ఇక ఈ ఇంట్లో ఎవరూ కుంచె పట్టరాదని మేమే మనసులో తీర్మానించుకొన్నాము. మా తమ్ముడు మా కంటె పదేండ్లు చిన్నవాడు. మా తీర్మానం వానికి తెలియదు. లెక్కల నోటుపుస్తకం వెనుకనుండి కొండలు గీసుకొంటూ ముందుకు వచ్చేవాడు. లెక్కలూ కొండలూ నడుమ ఎక్కడో కలుసుకొనేవి.

2015 జూలైలో ‘బాహుబలి’ విడుదలయింది. జనగామలో ఒక సినిమా హాలుకు తమ్ముణ్ణి తీసుకొనిపోయినాము. నాయకుడు జలపాతం ఎక్కుతుంటే హాలంతా ఈలలు వేస్తున్నది. వాడు మాత్రం మా చేయి పట్టుకొని, “భాయ్‌జాన్, ఆయనను చూడకు. వెనుక కొండను చూడు. ఎంత దూరాన ఉన్నదో చూడు” అన్నాడు. తరువాత మాహిష్మతి నగరం కనిపించింది. వాడు ఊపిరి బిగపట్టి చూచినాడు. ఆ చిత్రంలో కొంత కేరళలోని అతిరప్పిళ్ళి జలపాతం వద్ద, కొంత హైదరాబాదు సమీపాన రామోజీ ఫిల్మ్ సిటీలో సాబు సిరిల్ రూపొందించిన సెట్టులలో తీసినదని, సెట్టు ఆగిన చోటినుండి ఆకాశం దాకా మిగిలినదంతా కంప్యూటరులో కూర్చినదని వాడు ఇంటికి వచ్చే బస్సులో చెప్పినాడు. వి. శ్రీనివాస్ మోహన్ అనే పేరు మేము మొదటిసారి విన్నది వాని నోటనే. ఆ చిత్రానికి స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగంలో జాతీయ పురస్కారం ఆయనకే లభించింది.

ఆ మరుసటి సంవత్సరం వాడు బి.కాం.లో చేరనని, హైదరాబాదు పోయి ఆ పని నేర్చుకొంటానని అన్నాడు. మేము కోపగించినాము. “ఎవరో నటుని వెనుక కొండలు గీయడమూ ఒక బ్రతుకేనా?” అన్నాము. వాడు నాలుగేండ్లుగా గీసుకొన్న నల్ల అట్ట పుస్తకాన్ని తీసి మా అలమార పైన పెట్టి తాళం వేసినాము. వాడు ఏమీ అనలేదు. ఆ పుస్తకం అడగకుండానే ఊరు విడిచిపోయినాడు. ఇంటికప్పు మరమ్మతుకని దాచిన సొమ్ము మా తండ్రిగారు వానికి ఇచ్చినట్లు ఆ వానకాలంలో ఇల్లు కురిసినప్పుడుగాని మాకు తెలియలేదు.

వాడు నేర్చిన పనికి మ్యాట్ పెయింటింగ్ అని పేరు. ఇది కంప్యూటరుతో పుట్టినది కాదు. 1907లో అమెరికాలో నార్మన్ డాన్ అనే ఆయన కాలిఫోర్నియాలోని పాత క్రైస్తవ మఠాల మీద చిత్రం తీస్తూ, కూలిపోయిన భాగాలను గాజు పలక మీద చిత్రించి, ఆ పలకను కెమెరా ముందు నిలిపినాడు. శిథిలమైన గోడలు, గాజు మీది కప్పులు ఒకదానితో ఒకటి అతుక్కొని పూర్తి భవనాలుగా కనిపించినవి. తరువాత తరువాత ఫిలింలో కొంత భాగాన్ని నల్లగా మూసి ఉంచి, మనుషులున్న భాగాన్ని ముందు తీసి, మూసిన భాగంలోనికి చిత్రాన్ని వేరుగా పట్టించే పద్ధతి వచ్చింది. ఆ మూతకే మ్యాట్ అని పేరు. 1947లో వచ్చిన ‘బ్లాక్ నార్సిసస్’ అనే ఆంగ్ల చిత్రంలో హిమాలయాలు కళ్ళకు కట్టినట్లుంటాయి. ఆ బృందం హిమాలయాల ముఖం చూడలేదు. ఇంగ్లండులోని పైన్‌వుడ్ స్టూడియోలో పర్సీ డే, ఆయన సహాయకులు వాటిని చిత్రించినారు.

ఈ సంగతి చదివినప్పుడు మాకు పెద్దన గుర్తుకు వచ్చినాడు. విజయనగర ఆస్థానంలోని ఆ ఆంధ్రకవి మన కోసం హిమాలయాలను నిలబెట్టినాడు. ప్రవరుడు అక్కడికి పోయి కొండలను చూస్తాడు, సెలయేళ్ళను వింటాడు, చల్లదనాన్ని అనుభవిస్తాడు. మనమూ వాని వెంట పోతాము. పదునెనిమిది వర్ణనలలో నగరము, సముద్రము, శైలము, చంద్రోదయము అని లెక్కపెట్టి విద్యార్థులచేత కంఠస్థం చేయించే మేము, ఆ శైలాన్నే రంగులతో నిలబెట్టేవానిని పనికిమాలినవాడన్నాము.

మన దేశంలోనూ ఈ విద్యకు వేళ్ళున్నవి. 1885లో కడప ప్రాంతాన మొదలైన సురభి నాటక సమాజాలవారు పరదాలు మార్చి అడవిని కోటగా, కోటను సముద్రంగా చూపినారు. మాకు దగ్గరి చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేపథ్యం మీద కులపురాణాల పటాలు వ్రాసినారు. కథకుడు పాడుతూ పటాన్ని విప్పుతూ పోతే చోట్లు మారేవి. 1957 నాటి ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లే కెమెరా పండించిన వెన్నెలను తెలుగువారు ఇంకా మరువలేదు. 1990లో టామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు రూపొందించిన ఫోటోషాప్ వెలువడిన తరువాత క్రమంగా గాజు పలక పోయి కంప్యూటరు తెర వచ్చింది. అక్కడ అన్నదమ్ములిద్దరూ కలిసి పని చేసినారు. ఇక్కడ అన్న తమ్ముని పుస్తకానికి తాళం వేసినాడు.

2022లో పరీక్ష పేపర్లు దిద్దే పనిమీద హైదరాబాదు పోయి వాని గదిలో నాలుగు రాత్రులు ఉన్నాము. బయలుదేరే ముందు అలమార పైనుండి ఆ నల్ల అట్ట పుస్తకాన్ని దించి దుమ్ము దులిపినాము. అప్పుడే దానిని తెరిచి చూచినాము. పుస్తకమంతా మా ఊరే. చెరువుకట్ట, తాళ్ళ వరుస, ఒకదాని మీద ఒకటి పేర్చినట్లుండే బండలు. ప్రతి బొమ్మ క్రింద నెల, పొద్దు వ్రాసి ఉన్నవి. ఒకే బండను తెల్లవారుజామున, నడిపొద్దున, మాపటివేళ, వాన వెలిసిన తరువాత గీసినాడు. ఇరవై ఎనిమిదేండ్ల వయసు వరకు ఆ బండ ప్రక్కనుండి నడిచిపోయిన మేము అది వేళకొక రంగుగా ఉంటుందని ఎరుగము.

పుస్తకం వాని చేతికి ఇచ్చినాము. వాడు రెండు పుటలు తిప్పి, కంప్యూటరు ప్రక్కన పెట్టి, “చాయ్ తాగుతావా భాయ్‌జాన్” అన్నాడు. అంతే.

ఆ రాత్రులలో వాని పని చూచినాము. స్టూడియోవారు పంపిన దృశ్యంలో ఒక నటుడు చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి ఉన్నాడు. వెనుక ఆకుపచ్చ గుడ్డ తప్ప ఏమీ లేదు. ఆ గుడ్డ స్థానంలో లోయ, లోయలో నగరం, దాని వెనుక మంచుకొండలు రావాలి. ముందుగా వాడు కెమెరా ఎంత ఎత్తున ఉన్నదో కనిపెట్టి నేల ఆకాశం కలిసే గీతను నిర్ణయించినాడు. ఆ గీత తప్పితే నగరమంతా ఒరిగినట్లుంటుందట. తరువాత బూడిద రంగులతోనే దగ్గర, నడుమ, దూరం అని మూడు పొరలు వేసుకొన్నాడు. ఆ పైన తాను స్వయంగా తీసిన ఫోటోలనుండి రాళ్ళు, పొదలు, గోడల పగుళ్ళు తెచ్చి అతికి, అతుకు కనిపించకుండా పైన చిత్రించినాడు.

“దూరపు కొండకు నలుపు ఉండదు” అని వాడు మాకు పాఠం చెప్పినాడు. నడుమనున్న గాలి, ధూళి, తేమ దాని నలుపును మింగి ఆకాశపు రంగును పూస్తాయి. దూరపు దానిలో నలుపు మిగిలిందంటే అది దగ్గరకు ఉరికివచ్చి అబద్ధం బయటపడుతుంది. తరువాత ఆ పొరలను కంప్యూటరులో వేరువేరు దూరాలలో నిలబెడతారు. కాజీపేట రైలులో పోయేటప్పుడు కంబాలు వేగంగా వెనుకకు ఉరుకుతాయి, చెట్లు మెల్లగా కదులుతాయి, గుట్టలు మనతోనే వస్తాయి. కెమెరా కదిలినప్పుడు చిత్రంలోని పొరలూ అట్లే కదలాలి. పొగ, జెండాలు, ఎగిరే పక్షులు ఇంకొకరి పని. అవి అన్నీ కలిపి ఒకటి చేసేవారు మరొకరు. తెరమీద అది కనిపించేది ఆరు సెకన్లు. వాడు పనిచేసినది పదునేడు దినాలు.

“ఇంత చేస్తే ఎవరైనా గుర్తిస్తారా?” అని అడిగినాము. “గుర్తిస్తే నేను తప్పినట్లు” అన్నాడు.

ఆ మరుసటి ఏడు బక్రీదుకు వాడు ల్యాప్‌టాప్‌తో ఇంటికి వచ్చినాడు. ఇంకొక చిత్రానికి పని నడుస్తున్నది. మా తండ్రిగారికి ఒక కంటికి శుక్లం తీయించినాము, రెండవ కంటికి ఇంకా తీయించవలసి ఉన్నది. వారు తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి చాలాసేపు చూచినారు. ఏదో దేవలోకపు కోట, మబ్బులలో తేలే బురుజులు, క్రింద అగాధం. మేము ఎన్నో పొగడ్తలు చెప్పినాము. వారు మొదట అన్న మాట, “ఇది మన చెరువుకట్ట కాడి జంటబండ గదా.”

మేము మళ్ళీ చూచినాము. అవును. తలక్రిందులు చేసి, నాచు పూసి, మబ్బుల నడుమ నిలబెట్టినా అది జంటబండే. మేము ఎంత చూచినా మాకు కోటే కనిపించింది.

తరువాత వారు వేలు తెరమీద పెట్టి, “మనిషి ముఖం మీద వెలుగు కుడినుండి పడుతున్నది. మరి ఈ బురుజు నీడ కూడా కుడికే పడ్డదేమి బిడ్డా?” అన్నారు. తమ్ముడు ఒక్క క్షణం నిశ్చేష్టుడైనాడు. పండుగ రాత్రి రెండింటిదాకా కూర్చుండి ఆ నీడను సరిచేసినాడు. మా తండ్రిగారు నిద్రపోక మంచం మీదినుండి చూస్తూనే ఉన్నారు. ఫ్లెక్సీలు వచ్చిన తరువాత వారి ముఖంలో అంతటి తృప్తిని మేము చూడలేదు.

ఆ చిత్రం విడుదలయినప్పుడు ఇంటిల్లిపాదీ హాలుకు పోయినాము. తుదిలో పేర్లు వస్తాయని, తమ్ముని పేరు వాటిలో ఉన్నదని తండ్రిగారికి చెప్పినాము. శుభం పడగానే జనం లేచినారు. పేర్లు వందలకొద్దీ పైకి పాకుతున్నవి. ఆ వరుస రాకముందే హాలువారు దీపాలు వేసి తెర ఆపివేసినారు. మా తండ్రిగారు ఖాళీ తెరవైపు చూస్తూ కొంతసేపు కూర్చుండినారు. బయటికి వచ్చిన తరువాత, “బోర్డు మూలన పేరు వ్రాసుకొననీయని పనికి కూలి మాత్రం గట్టిగా అడుగు” అని తమ్మునికి చెప్పినారు. అందరమూ నవ్వినాము. వారు నవ్వలేదు.

ఇప్పుడు వానికి వేరొక దిగులున్నది. 2022 నుండి మాట చెప్పినంతనే బొమ్మ చేసి ఇచ్చే కృత్రిమ మేధ సాధనాలు అందరికీ అందుబాటులోకి వచ్చినవి. పదునేడు దినాల పనికి అవి పదునేడు సెకన్లు తీసుకొంటాయి. ఫ్లెక్సీ యంత్రం తండ్రికి చేసినది ఈ యంత్రం కుమారునికి చేస్తుందా అని ఇంట్లో ఎవరూ పైకి అనరు, అందరమూ అనుకొంటాము. మేము వానిని ఈసారి బి.కాం. చదవమని చెప్పలేదు. ధైర్యం చెప్పేంత జ్ఞానమూ మాకు లేదు. మాకు తెలిసినది ఒక్కటే. ఆ రాత్రి నీడ తప్పిందని చెప్పినది యంత్రం కాదు. యాభై ఏండ్లు వెలుగును చూచిన కన్ను, అదీ శుక్లం పట్టిన కన్ను. పని పోవచ్చును, పనిముట్టు మారవచ్చును. చూచే అలవాటును మాత్రం ఎవరూ మన చేతినుండి లాగుకొనలేరు. దానిని అలమారలో పెట్టి తాళం వేసేది మనమే.

విద్యార్థులారా! లేని లోకాన్ని కల్పించాలన్నా ఉన్న ఊరినే ముందు చూడాలి. దేవలోకపు కోటకు పునాదిరాయి దేవరుప్పుల చెరువుకట్ట మీద దొరికింది. మీ ఊరి గుట్ట ఏ వేళకు ఏ రంగులో ఉంటుందో మీలో ఎందరికి తెలుసు? నోటుపుస్తకం వెనుక పుటలలో మీరు గీసుకొన్నది ఏదైనా ఉంటే దాచుకొనవద్దు, మాకు చూపండి. మేము ఈసారి తాళం వేయము.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మనకు గ్రంథాలయమున్నది, ప్రయోగశాలలున్నవి. బొమ్మలు గీసుకొనే పిల్లలకు కూర్చునే చోటు లేదు. ఉత్తరపు వెలుగు పడే ఒక చిన్న గది, కొన్ని బల్లలు, సాధ్యమైతే ఒక కంప్యూటరు ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాము. ఆ గది గోడకు వేలాడదీయడానికి అటక మీదినుండి ఒక పాత పరదా తెచ్చి ఇస్తామని మా తండ్రిగారు మాట ఇచ్చినారు. దాని మీద నీలికొండలున్నవి, చెరువున్నది. చెరువులో హంసలు లేవు.